బొటనవేలి ప్రతి

కుట్టుమిషను అదురుకు కాగితం ఆయుష్షు తగ్గుతుందా, తగ్గదా అన్న విషయం మీద ఆ ఇంట్లో వాదన మొదలై అప్పటికే చాలాసేపయింది. తగ్గుతుందని అన్నగారు. తగ్గితే మంచిదే, అసలు కాగితమనేదే లోకంలో తగ్గవలసిన వస్తువని తమ్ముడుగారు. మిషను యజమానురాలైన పెద్దకోడలు మాత్రం చర్చలో పాల్గొనకుండా, ఎవరిదో కర్టెను అంచు మడిచి కుడుతూ, అంటే వివాదానికి మూలమైన అదురును యథాశక్తి ఉత్పత్తి చేస్తూ కూర్చుంది.

"ఆ గోడకి అవతలే పుస్తకాలున్నాయి" అన్నారు అన్నగారు. "నువ్వు తొక్కినప్పుడల్లా బొమ్మల్లో రంగు రాలిపోతోంది."

"అయితే మిషను ఎక్కడ పెట్టుకోమంటారు?" అందామె.

మిషను మొదట్లో వెనకగదిలోనే ఉండేది. చిత్రకథల పుస్తకాలు పెరిగాక వరండాలోకి వచ్చింది. అక్కడ వాన జల్లు కొట్టింది. వంటింట్లోకి మారితే కొత్త బట్టల మీద నూనె చుక్కలు పడ్డాయి. చివరికి హాల్లో వీధితలుపు వెనక మూలకి చేరింది. తలుపు తెరిస్తే మిషను కనపడదు. మిషను నడుస్తుంటే తలుపు తెరుచుకోదు. ఇంటికి వచ్చేవాళ్ళు తలుపు కొట్టి, లోపల కుట్టు ఆ చివరికి చేరేదాకా గుమ్మం బయట నిలబడటం అలవాటు చేసుకున్నారు. మనుషులు మంచివాళ్ళు, దేనికైనా అలవాటు పడతారు.

ఇక ఆ కుటుంబం గురించి నాలుగు మాటలు మనవి చేయాలి. అన్నగారు ఇన్సూరెన్సు ఆఫీసులో సూపర్వైజరు. ఇతరులకు జరిగిన నష్టాలు అంత పెద్దవేమీ కావని నిరూపించడం ఆయన వృత్తి. తమ్ముడుగారు ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు పని చేస్తారు. ఆ పని ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికీ దానిమీద గౌరవం. ఆయనకి ఇంకా పెళ్ళి కాలేదు. వచ్చే పిల్లకి గది ఎక్కడిస్తారని అడిగే దుర్మార్గులు ఉంటారన్న భయంతో సంబంధాలు చూడటం వాయిదా వేశారు. చిన్నకోడలు లేకపోయినా అన్నగారి భార్యని అందరూ పెద్దకోడలనే అంటారు, ముందుజాగ్రత్తగా. ఆమె కూతురు కాలేజీలో చదువుతోంది. ఒకచోట నిలవదు కాబట్టి పేరు తూనీగ అయింది. వీళ్ళందరి మీదా అత్తగారు. ఆవిడ మాటకి ఇంట్లో తిరుగు లేదు. మాట ఇచ్చాక అది జరిగిందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు ఆవిడకీ లేదు.

అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద, ఒకే చిత్రకథ చదువుకుని పెరిగినవాళ్ళు. నల్లగొడుగు డిటెక్టివు అనే ఆయన ప్రతి సంచికలోనూ వానలో బయల్దేరి, ఒక పెద్దింట్లో దూరి, హంతకుణ్ణి పట్టుకునేవాడు. పెద్దయ్యాక ఆ అన్నదమ్ములకి ఆస్తి దగ్గర పేచీ రాలేదు, డిటెక్టివు దగ్గర వచ్చింది. అచ్చు పుస్తకంలో చదువుతుంటే పక్కపేజీలోని శవం ముందే ఓరకంట కనపడుతుందనీ, చూడనట్టు నటిస్తూ ఈ పేజీ పూర్తిచేయడంలోనే మజా ఉందనీ అన్నగారి సిద్ధాంతం. తెరమీద ఒక్కొక్క గడినే చూపిస్తుంది కాబట్టి శవం తన వంతు వచ్చేదాకా బుద్ధిగా ఆగుతుందనీ, నాగరికత అంటే అదేననీ తమ్ముడుగారి వాదం. కాగితం వాసన, మధ్యపేజీలో పిన్ను, చేతికి తెలిసే బరువు అని ఆయన. దుమ్ము లేదు, చెద లేదు, బొమ్మని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకుని గొడుగు కమ్మీలు లెక్కపెట్టుకోవచ్చు అని ఈయన. గొడుగు కమ్మీలు లెక్కపెట్టవలసిన అవసరం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. సదుపాయం మాత్రం ఉంది.

అన్నగారు ప్రతి సంచికనీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, టేపు అంటించి, వెనకగదిలో నేలనుంచి కిటికీ దాకా పేర్చారు. కవరు తీస్తే నలుగుతాయని చదవరు. తమ్ముడుగారి పలకలాంటి తెరలో అంతకు పదింతల చిత్రకథలున్నాయి. ఎక్కడికీ పోవు కదా అని ఆయనా చదవరు. ఈ విధంగా చిత్రకథా సాహిత్యం ఆ ఇంట్లో రెండు రూపాల్లోనూ పూర్తి భద్రంగా ఉంది.

అటువంటి సమయంలో పక్కవీధి స్కూలు పెద్ద టీచరు తలుపు కొట్టి, కుట్టు పూర్తయ్యేదాకా ఆగి, లోపలికి వచ్చింది. పెద్దకోడలు కుట్టిన గౌనులు నాలుగైదు ఆవిడ కంటపడ్డాయట. స్కూల్లో పిల్లలందరి యూనిఫారాలూ ఇచ్చేస్తాననీ, సెలవులు ముగిసేలోగా మాట చెప్పాలనీ అంది. తర్వాత తలుపు వెనక మూలని పరీక్షగా చూసింది. "బట్ట పరిచి కత్తిరించడానికి బల్ల ఎక్కడ వేస్తారమ్మా? ఇంకో మిషనూ కావాలి కదా. గది ఉందా?"

"ఉంది. ఖాళీ అవుతోంది" అంది పెద్దకోడలు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఇంటి పరువు కాపాడటానికి చెప్పిన అబద్ధాల్లో ఇది చిన్నదే.

మనిషన్నాక ఒక ఆశ ఉంటుంది. కొందరికి మేడ, కొందరికి పదవి. పెద్దకోడలికి ఒక బల్ల. దానిమీద బట్టని మడతలేకుండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరిచి, సుద్దతో గీత గీసి, ఎవరి కాళ్ళకీ అడ్డం కాకుండా కత్తెర నడిపించాలని. ఇప్పటిదాకా ఆ పని మంచం మీద చేసేది. కింద పరుపు ఉంటే కత్తెర తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. ఆ రోజు భోజనాల దగ్గర ఆమె గది అడిగింది.

వెంటనే కుటుంబ సమావేశం జరిగింది. అన్నగారు మాట్లాడుతూ, భార్య ఉన్నతి తనకి ఎంతో సంతోషమనీ, అయితే పుస్తకాల్ని కదిలించడం సాధ్యపడదనీ అన్నారు. తమ్ముడుగారు మాట్లాడుతూ, పుస్తకాలన్నిటినీ ఫొటోలు తీసి తెరమీదకి ఎక్కిస్తే కాగితాన్ని ఎవరికైనా ఇచ్చేయవచ్చనీ, గది దానంతటదే ఖాళీ అవుతుందనీ అన్నారు. అన్నగారు రెండుపూటలా ముభావంగా ఉన్నారు. చివరికి అత్తగారు తీర్పు చెప్పారు. పుస్తకాలు ముందు తెరమీదకి ఎక్కాలి. ఎక్కిన మరుక్షణం గది పెద్దకోడలిది. "నేను మాటిస్తున్నానమ్మాయ్" అన్నారావిడ. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడినది.

పనికి విధివిధానాలు రూపొందించారు. పుస్తకాన్ని పూర్తిగా తెరవకూడదు, వీపు విరుగుతుంది. పక్షి నోరు తెరిచినంత మాత్రం తెరవాలి. పేజీ మీద అద్దం పెట్టకూడదు, రంగు అంటుకుంటుంది. క్లిప్పు పెట్టకూడదు, నొక్కు పడుతుంది. బరువు పెట్టకూడదు. గాలికి ఎగరకూడదు. కనక మనిషి వేలితోనే, అదీ కింద మూలన, మెత్తగా పట్టుకోవాలి. ఎవరి వేలు? అన్నగారి చేతికి చెమట ఎక్కువ. తమ్ముడుగారి చెయ్యి ఫోను మీద ఉండాలి. అత్తగారి చెయ్యి వణుకుతుంది. తూనీగ గోళ్ళకి రంగు. ఇక మిగిలింది పెద్దకోడలి బొటనవేలు. ఏళ్ళ తరబడి సూది కింద బట్టని జరిపి జరిపి దానికి ఒక నిలకడ వచ్చింది. "దేవుడు ఈ వేలిని ఈ పనికోసమే పుట్టించాడు" అన్నారు అన్నగారు, పెళ్ళయ్యాక భార్యని మెచ్చుకున్న కొద్ది సందర్భాల్లో ఒకటిగా.

కిటికీ వెలుతురు బాగుండే పూట ఆ పని జరిగేది. బట్ట కుట్టడానికి బాగుండే పూట కూడా అదేనన్న సంగతి అప్రస్తుతం. తమ్ముడుగారు టేబుల్ లైటు స్టాండుకి ఫోను వేలాడదీసి కింద మీట నొక్కేవారు. అన్నగారు ఒక్కొక్క కవరు టేపు ఊడదీసి, ఆపరేషను చేయబోయే డాక్టరులా ఊపిరి బిగబట్టి, పుస్తకం అందించేవారు. పెద్దకోడలు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుని, మూల పట్టుకునేది. దురద పుడితే గోక్కోకూడదు. తుమ్ము వస్తే ముందుగా తెలియజేయాలి. వంటింట్లో కుక్కరు కూత వేస్తే మాత్రం వెళ్ళి రావడానికి అనుమతి ఉండేది, మళ్ళీ చెయ్యి కడుక్కునే షరతు మీద.

మొదట్లో బొమ్మలు చూస్తూ నిలబడేది. తర్వాత చదవడం మొదలుపెట్టింది, మెలకువగా ఉండటానికి. పని పూర్తయ్యేసరికి డిటెక్టివు సంచికలన్నీ ఆమె చదివేసింది. ఆ ఇంట్లో వాటన్నిటినీ చదివిన మనిషి ఆమె ఒక్కతే అన్నది యాదృచ్ఛికం.

అలా వెనకగది మొత్తం తెరమీదకి ఎక్కింది. తమ్ముడుగారు లోకానికంతటికీ ఉచితంగా చూపించేలా దాన్ని పెట్టి, ఫైళ్ళు ఎన్ని, ఎంత బరువున్నాయి అన్నవి సరిచూసుకుని సంతృప్తి చెందారు. ఒక్కటీ తెరిచి చూడలేదు. తెరని చూడకపోవడం అన్నగారి నియమం. కాబట్టి విషయం మొదట బయటపెట్టింది తూనీగ. తిండి తింటూ ఫోను చూడటం ఆ పిల్లకి దురలవాటు. అన్ని ఆవిష్కరణలూ దురలవాట్ల నుంచే పుడతాయి.

"బాబాయ్, ఇందులో అమ్మ ఉంది" అంది.

నిజమే. ప్రతి పేజీలోనూ కుడివైపు కింద మూలన పెద్దకోడలి బొటనవేలు నిండుగా, స్పష్టంగా, గీతలతో సహా పడింది. సూది గుచ్చుకున్న పాత మచ్చలు కూడా. చిత్రకథలు గీసేవాళ్ళు ఉత్కంఠ అంతా తెచ్చి ఆ మూలనే పోగుపెడతారని లోకజ్ఞానం ఉన్నవాళ్ళకి తెలుసు. ఆఖరిపేజీలో డిటెక్టివు గొడుగు ఎత్తి, వేలు చాపి, హంతకుడు ఇతనే అని చూపించే గడి కూడా అక్కడే. ఆ హంతకులందరినీ పెద్దకోడలి బొటనవేలు ఒక్కరు మిగలకుండా కప్పేసింది.

తమ్ముడుగారు వేలిని చెరిపేసే ప్రోగ్రాము ఒకటి నడిపించారు. అన్ని పేజీల్లోనూ తప్పకుండా కనపడేది వేలొక్కటే కాబట్టి, ప్రోగ్రాము వేలినే కథానాయకుడిగా గుర్తించి, అడ్డంగా ఉన్న డిటెక్టివుని తుడిచేసింది. అన్నగారు నియమం సడలించి, కళ్ళజోడు తీసి దూరంనుంచి చూసి, "అచ్చులో ఈ వేలు లేదు. తెర చేసే మోసాలు ఇలాగే ఉంటాయి" అన్నారు. పెద్దకోడలు తన వేలిని ఓసారి చూసుకుని, కొంగుకి తుడుచుకుంది. మనుషుల్లో తప్పు తమదేనేమో అన్న అనుమానం కొందరికే ఎందుకు వస్తుందో శాస్త్రజ్ఞులు తేల్చవలసి ఉంది.

ఈలోగా లోకం ఆ పుస్తకాల్ని చూసేసింది. చూసి మెచ్చుకుంది. అచ్చు అభిమానులు ఇంతకాలం తెరని చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు తెరమీద ఎవరో మనకోసం పుస్తకం పట్టుకుని కూర్చున్నట్టు ఉందని కళ్ళు తుడుచుకున్నారు. డిజిటల్ అభిమానులు అచ్చులో లేని హంగు ఇది అని గర్వపడ్డారు. ఒక విమర్శకుడు, ముగింపుని దాచి పాఠకుడి చేతికే వదిలేసిన సాహసమని రాశాడు. ఇంకొకాయన ఆ సూది మచ్చల్ని భూతద్దంలో చూసి, అవి పాత అచ్చుయంత్రాల సిరా చుక్కలని వాటి ద్వారా కాలనిర్ణయం చేశాడు. హంతకుడెవరని ఊహించేవాళ్ళు గుంపులుగా విడిపోయి తిట్టుకున్నారు. అసలు పుస్తకం తెరిచి చూస్తే తెలిసిపోయేదే. అన్నగారు అప్పటికే టేపులు మళ్ళీ అంటించేశారు.

ఆ పుస్తకాలకి బొటనవేలి ప్రతి అన్న పేరు స్థిరపడింది. ఆ వేలి మనిషికి వేరే పేరు స్థిరపడలేదు.

చిత్రకథాభిమానుల సంఘం అన్నదమ్ములకి సన్మానం తలపెట్టింది. సంఘాధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించి ఉంచి తాను మాట్లాడటం రోజూ చేసే పనే కాబట్టి ఉపన్యాసాలు ఆయనకి ఇబ్బంది కాదు.

"మిత్రులారా, అచ్చుకి ఆత్మ ఉంది. డిజిటల్‌కి రెక్కలున్నాయి. ఈ రెండింటినీ ఒక్కచోట పట్టి నిలిపినవారు ఎవరు? ఈ సోదరద్వయం. ఆ వేలు ఎవరిదని చాలామంది నన్ను అడుగుతున్నారు. ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను. ఆ వేలు మనందరిదీ."

సభ దద్దరిల్లింది. వెనక వరసలో, ఫ్యాను కింద కాకుండా పక్కన కూర్చున్న పెద్దకోడలు కూడా చప్పట్లు కొట్టింది. చప్పట్లకి బొటనవేలితో పెద్దగా పని ఉండదు. "అమ్మా, లేచి చెయ్యెత్తు" అని తూనీగ పొడిచింది. "నోరుమూసుకో. కుక్కరు దించి వచ్చానో లేదో గుర్తు రావట్లేదు" అందామె. వేదిక మీద అన్నగారు, ఈ కృషి వెనక తన కుటుంబ సభ్యుల సహకారం కూడా ఉందనీ, సమయాభావం వల్ల పేర్లు చెప్పలేకపోతున్నాననీ అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకా చాలాసేపు మాట్లాడారు.

జ్ఞాపికగా ఇత్తడితో చేసిన బొటనవేలు ఇచ్చారు. ఇంటికి తెచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంట్లో చదునుగా, ఖాళీగా ఉన్న చోటు కుట్టుమిషను బల్ల ఒక్కటే. అక్కడ పెట్టారు. పెద్దకోడలు కుట్టడానికి కూర్చున్నప్పుడల్లా ఆ వేలిని దించి కింద పెట్టుకుని, లేచేటప్పుడు మళ్ళీ పైన పెట్టేది.

సెలవులు చివరికొచ్చాయి. స్కూలు పెద్ద టీచరు మళ్ళీ కబురు పంపింది. ఇంకో దర్జీ కూడా అడుగుతున్నాడనీ, ఏ సంగతో తేల్చమనీ. పెద్దకోడలు ఆ సాయంత్రం, పుస్తకాలన్నీ తెరమీదకి ఎక్కాయి కదా, గది ఎప్పుడు ఖాళీ చేద్దామని అడిగింది.

అందరూ ఆమెకేసి జాలిగా చూశారు. ప్రపంచం ఎంత ముందుకి వెళ్ళిందో గమనించని మనిషిని చూసినట్టు.

అన్నగారు ఓపిగ్గా వివరించారు. ఇదివరకు అవి ఉత్త పాత పుస్తకాలు. ఇప్పుడు లోకప్రసిద్ధి చెందిన ప్రతికి మూలాలు. మూలాన్ని ఎవరైనా పారేస్తారా? పైగా తెరని నమ్మి కాగితం వదులుకోవడమంటే గాలిపటాన్ని నమ్మి దారం తెంచుకోవడం. ఆశ్చర్యం ఏమిటంటే తమ్ముడుగారు కూడా ఆయనతో ఏకీభవించారు. హంతకులు కనపడే రెండో ప్రతి ఒకటి తీయాలని ఒక వర్గం కోరుతోంది, కాగితం ఉండాల్సిందే. అంతేకాక సంఘ సభ్యులందరూ తమ తమ ఇళ్ళలోని చిత్రకథల్ని కూడా ఇదే పద్ధతిలో ఎక్కించాలని తీర్మానించి, పెట్టెలు పంపుతున్నారు.

"పెట్టెలు వస్తున్నాయా?" అంది పెద్దకోడలు.

"దారిలో ఉన్నాయి వదినా. వేలు మాత్రం ఇదే ఉండాలట. అందరూ పట్టుబడుతున్నారు. మీకు ఎంత పేరొచ్చిందో మీకు తెలీదు."

ఇన్నేళ్ళుగా ఉప్పూ నిప్పూలా ఉన్న అన్నదమ్ములు ఒక్క మాట మీదకి వచ్చిన ఆ క్షణం చూసి అత్తగారికి కన్నీళ్ళు వచ్చాయి. పెద్దకోడలు ఆవిడ వైపు తిరిగి, మీరు మాటిచ్చారు కదత్తయ్యా అంది, మెల్లిగానే.

"ఇచ్చానమ్మాయ్, కాదన్నానా? మాట ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుందిగా" అన్నారు అత్తగారు.

ఆ ఇంట్లో ఏదీ ఎక్కడికీ పోదు. అది ఆ ఇంటి గొప్పతనం.

పెద్దకోడలు లేచింది. కంచాలు తీసేసింది. వంటింట్లో తూనీగ పక్కన చేరి, గిన్నెలు తుడుస్తున్నట్టు నటిస్తూ అడిగింది. "అమ్మా, బయట జనం కొట్టుకు ఛస్తున్నారు. నీ వేలి కింద ఎవరున్నారో నీకు తెలుసు కదా. ఆ హంతకుడెవరే?"

"ఏ కథలో?"

"ఏదో ఒకదాంట్లో చెప్పు."

పెద్దకోడలు కొళాయి కట్టేసింది. "అన్నిట్లోనూ ఒకటే. బయటినుంచి ఎవరూ రారు. ఎప్పుడూ ఆ ఇంట్లోవాళ్ళే. చాలా మంచివాళ్ళలా ఉంటారు."

తూనీగ నవ్వింది. తల్లి నవ్వకపోవడం చూసి, తుడవడం నిజంగానే మొదలుపెట్టింది.

పెట్టెలు వచ్చాయి. ఎంతో క్రమశిక్షణతో, రోజుకి కొన్ని చొప్పున. వెనకగది తలుపు మూసుకోవడం మానేసింది. అన్నగారు పెట్టెలకి చోటు వెతకడంలో అపారమైన ప్రతిభ చూపించారు. అత్తగారి మంచం కింద కొన్ని. తమ్ముడుగారి కుర్చీ వెనక కొన్ని. ఫ్రిజ్ మీద ఒకటి. సంఘం నుంచి ఒక బృందం వచ్చి చూసి, ఇల్లంతా సాహిత్యంతో నిండిందని అభినందించి, కూర్చోవడానికి చోటు లేక వెళ్ళిపోయింది. తలుపు కొట్టినవాళ్ళు ఈమధ్య బయట ఆగక్కర్లేకుండా వెంటనే లోపలికి రాగలుగుతున్నారన్న సంగతి ఎవరూ ప్రత్యేకంగా గుర్తించలేదు. సుఖం వచ్చినప్పుడు దాని కారణం వెతికే అలవాటు మనకి లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. అన్నగారు మంచి ఉత్సాహంలో ఉన్నారు. పళ్ళ డాక్టరుగారి సొంత పెట్టెలు, అన్నిటికన్నా పెద్దవి, ఆ ఉదయమే దిగాయి. వాటికి కూడా చోటు దొరికింది.

"తలుపు వెనక మూల భలే దొరికింది" అన్నారు. "నాలుగు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి కొలిచినట్టు సరిపోయాయి. ఇత్తడి వేలు కూడా పైన పెట్టేశాను, అందంగా ఉంది. ఇంతకాలం ఆ చోటు ఎలా వృథాగా పడుందో."

తమ్ముడుగారు మెడ తిప్పి చూశారు. "అక్కడ ఇంతకుముందు ఏదో ఉండేది కదన్నయ్యా?"

"ఏముండేది?"

తమ్ముడుగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. కుర్చీ అనుకుంటానన్నారు. కుర్చీ కాదు, చెప్పుల స్టాండని అత్తగారు. చెప్పుల స్టాండు గుమ్మం బయట ఉంటుందనీ, అక్కడ ఉండేది పాత గొడుగులు వేసే డబ్బా అయుండాలనీ అన్నగారు. చర్చ రసవత్తరంగా సాగింది. ఇలాంటప్పుడే డిజిటల్ విలువ తెలుస్తుందనీ, పాత ఫొటోలు తీసి చూస్తే క్షణంలో తేలిపోతుందనీ తమ్ముడుగారు అన్నారు. ఫొటోలు అబద్ధం చెబుతాయనీ, నిజంగా పనికొచ్చే వస్తువైతే మనసులోనే అచ్చుపడి ఉండేదనీ అన్నగారు అన్నారు. తూనీగ నవ్వు ఆపుకోవడానికి గ్లాసెడు నీళ్ళు తాగబోతే పొలమారింది.

పాఠకులు నవ్వవచ్చు. మొదటినుంచీ చదువుతున్నారు కాబట్టి ఆ మూలన ఏముండేదో మీకు బాగా గుర్తుంది. పక్కింటి మూలలు మనకెప్పుడూ గుర్తుంటాయి. మీ ఇంట్లో తలుపు వెనక ఏముండేదో, ఇప్పుడు ఉందో లేదో తెలుసుకోవాలంటే మాత్రం మీ పక్కింటివాళ్ళని అడగడం ఉత్తమం.

పెద్దకోడలు అందరికీ మజ్జిగ పోసింది. తనూ పోసుకుంది. ఎప్పుడూ లేనిది వాళ్ళతోపాటే కూర్చుని, మజ్జిగలో ఉప్పు వేసుకుంటూ, ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే చెప్పింది.

"మిషను ఉండేదండీ. గురువారం పొద్దున ఇద్దరు మనుషులొచ్చి తీసుకెళ్ళారు. మీరిద్దరూ ఇక్కడే ఉన్నారు, ఏదో వాదించుకుంటున్నారు. కాళ్ళు పైకి తీసుకోమంటే తీసుకున్నారు కూడా. వీధి చివర గడియారాలు బాగుచేసే షాపు మీద గది అద్దెకి తీసుకున్నాను. బల్ల వేయించాను. స్కూలు పని ఒప్పుకున్నాను. రేపటినుంచి పొద్దున్నే వెళ్ళి పొద్దుగూకేలోగా వస్తాను. మధ్యాహ్నానికి వంట మీరిద్దరూ చూసుకోండి, అచ్చు పద్ధతిలో చేసుకుంటారో, డిజిటల్‌గా చేసుకుంటారో మీ ఇష్టం. అత్తయ్యా, మీకు మాత్రం కారం తగ్గించమని వీళ్ళకి మీరే గుర్తుచేయండి."